ర్యాప్ మానేసినోడి గది డైరీ: ఒక్క పాట, 41 రోజులు

రోజు 1

ముందు నా సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తా, తర్వాత పని. 2013 నుంచి 2018 దాకా బెంగళూరులో తెలుగు ర్యాప్ చేసినోణ్ణి. కాలేజీ ఫెస్టులు, కోరమంగళ పబ్బుల్లో ఓపెన్ మైకులు, యూట్యూబ్‌లో ఆరు పాటలు, అందులో ఒకటి మాత్రం మా ఊళ్ళో ఎవరిదో పెళ్ళి మెరవణిలో మోగింది, అదీ నా కెరీర్ మొత్తం. ఇప్పుడు మైకుకి ఇవతల కూర్చుని వేరేవాళ్ళకి మ్యూజిక్ చేస్తా. రామ్మూర్తినగర్‌లో ఇంటి మీద ఒంటి గది, 11 అడుగులు బై 9 అడుగులు, పక్కనే వంటిల్లు. ఇక్కడ చేసిన పదకొండు పాటలు బయటికొచ్చాయి, రెండు యాడ్లు, ఒక వెబ్ సిరీస్‌కి బ్యాక్‌గ్రౌండ్. ఇంటద్దె దీంట్లోంచే కడతా ఉన్నా కాబట్టి ఇంట్లో ఎవరూ ఏమీ అనరు.

మా బామ్మర్ది మాత్రం అంటాడు. "ర్యాప్‌లో ఫెయిలైనోళ్ళంతా ప్రొడ్యూసర్లేనా బావా" అని. వాడికి నేను చెప్పేది అమెరికా ర్యాపర్ ఆర్‌జెడ్‌ఏ కథ, ఆయన 1991లో ప్రిన్స్ రకీమ్ అనే పేరుతో సోలో ర్యాపర్‌గా వస్తే ఎవరూ పట్టించుకోలేదు, కంపెనీ వదిలేసింది, తర్వాత 1993లో వూ-టాంగ్ క్లాన్ అనే ర్యాప్ గ్రూపు మొదటి ఆల్బమ్‌కి బీట్లు కట్టి తొమ్మిది మంది గొంతుల్ని ఒక్క చోట నిలబెట్టాడు. అంత దూరం వద్దంటే మన పక్కనే చెన్నైలో హిప్‌హాప్ తమిళా వాళ్ళున్నారు, తమిళ ర్యాప్‌తో మొదలుపెట్టి 2015లో సినిమా సంగీతంలోకొచ్చారు, మరుసటి ఏడే మన ధృవకి మ్యూజిక్ ఇచ్చారు. వాడు "అయితే నీకెప్పుడు బావా" అంటాడు. సరే.

ఈ డైరీ ఒక పాట గురించి. కుప్పం అమ్మాయి, వైట్‌ఫీల్డ్‌లో కాల్ సెంటర్ ఉద్యోగం, పాట రాసుకుని, పాడుకుని, ఫోన్‌లో రికార్డు చేసి పంపింది. "అన్నా, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యన్నా, కానీ ర్యాప్ బీట్ ఉండాలన్నా" అంది. 41 రోజులు పడుతుందని అప్పుడు తెలీదు, పది రోజులు చెప్పా.

రోజు 3

మొదటి లైనే నన్ను పట్టుకుంది. "చెరువు గట్టు మీద చింత చెట్టు నీడ". బీటు పెట్టి గొంతు దాని మీద పడేస్తే సరిగ్గా కూర్చోవట్లా. మామూలుగా ర్యాప్‌లో ఒక బార్‌కి నాలుగు బీట్లు, ఒక్కో బీటు నాలుగు ముక్కలు, అంటే 16 గళ్ళు, మాటలన్నీ ఆ గళ్ళల్లో సర్దాలి. నేను ర్యాప్ చేసే రోజుల్లో సర్దుడంటే కోసెయ్యడమే, "గట్టు మీద" అని ఎవడంటాడు, "గట్మీద" అని మింగేసి ముందుకి పోయేవాణ్ణి. తెలుగులో మాటలు అచ్చుతో ముగుస్తాయి కదా, ఆ అచ్చులే అడ్డమనుకునేవాణ్ణి, ఇంగ్లీషోడిలాగా టక్కున ఆగట్లేదని.

ఈసారి కొయ్యకుండా లెక్కేద్దామని పేపరు తీశా. పదో తరగతిలో తెలుగు సారు గురువు లఘువు అని పొడిచి పొడిచి నేర్పించారు గదా, లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు. చెరువు, మూడు లఘువులు, మూడు మాత్రలు. గట్టు, ముందు అక్షరం వెనక ద్విత్వముంది కాబట్టి గురువు, రెండూ ఒకటీ మూడు. మీద మూడు. చింత మూడు. చెట్టు మూడు. నీడ మూడు. ఆరు మాటలు, అన్నీ మూడే! మొత్తం 18 మాత్రలు. 16 గళ్ళ పెట్టెలో 18 ఎట్లా పడతాయి, అందుకే బయటికి పొర్లుతా ఉంది. ఆ పిల్లకి ఛందస్సు తెలీదు, అడిగితే "ఏందన్నా అది" అంది, నోటికి వచ్చినట్టు రాసుకుంది అంతే, కానీ మాట నడక మాత్రం తకిట తకిట అని తిశ్రంలో, అంటే మూడు మూడు లెక్కలో, పోతా ఉంది.

అప్పుడు బీటునే మార్చా. ఒక్కో బీటుకి మూడు ముక్కలు. స్పీడు నిమిషానికి 96 బీట్లు, అంటే ఒక బీటు 625 మిల్లీసెకన్లు, ఒక మాత్రకి 208 చిల్లర. లైనుకి ఆరు బీట్లు ఖర్చవుతాయి, రెండు బార్లకి ఎనిమిది బీట్లు, ఇంకా రెండు బీట్లు ఖాళీ. ప్రతి లైను చివరా ఒకటింపావు సెకను ఖాళీ! పాతకాలపు నేనైతే అందులో "యో, యే" అని రెండు కేకలు ఇరికించేవాణ్ణి. దాన్ని అట్లానే వదిలి పడుకున్నా, ఏం పెట్టాలో తెలీక.

రోజు 6

బేసు. అమ్మాయి శ్రుతి ఐదున్నర, వెస్టర్న్‌లో జీ షార్ప్. 808 బేసు దాని కింద స్థాయిలో పెడితే 51.9 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. (808 అనేది 1980లో రోలాండ్ వాళ్ళు చేసిన డ్రమ్ మెషీన్, 1983కే ఆపేశారు, దాని కిక్‌ని సాగదీసి శ్రుతి పెట్టి బేసులాగా వాయించడం తర్వాతొచ్చిన అలవాటు.)

గదిలో ఎంత పెంచినా బేసు చాలట్లా. ఇంకొంచెం, ఇంకొంచెం అని 6 డెసిబెల్స్ లేపా. రాత్రి స్నేహితుడి కార్లో వేస్తే డోర్లు గడగడలాడాయి, వెనక అద్దం వణికింది, వాడు "రేయ్, స్పీకర్ పోతే నువ్వే కట్టాలి" అని ఆపేశాడు. ఇంటికొచ్చి మళ్ళీ విన్నా, కుర్చీలో బేసు లేదు. మంచినీళ్ళకని లేచి తలుపు దగ్గరకి పోతే ధభీమని గుండెల్లో తగిలింది. మళ్ళీ కుర్చీ, లేదు. మళ్ళీ తలుపు, ఉంది. పాట లూప్‌లో పెట్టి గదంతా గోడలెంట తిరిగా, మా ఆవిడ చూసి దిష్టి తీస్తున్నావా అంది.

లెక్క ఇది. ధ్వని సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది. గది పొడవు 11 అడుగులంటే 3.35 మీటర్లు. దాన్ని రెండింతలు చేసి 343ని భాగిస్తే 51.2. అంటే నా గది గోడల మధ్య సరిగ్గా 51 హెర్ట్జ్ అల నిలబడిపోతుంది, గోడల దగ్గర గట్టిగా, నట్టనడుమ సున్నా. నా కుర్చీ యాడుంది? నట్టనడుమ, ఐదున్నర అడుగుల దగ్గర. శ్రుతీ ఐదున్నర, కుర్చీ ఐదున్నర, బాగా కుదిరింది.

రోజు 9

ఎస్పీ రోడ్డులో కేబుళ్ళు, జాక్‌లు కొన్నా, ఇన్సులేషన్ సామాన్లు అమ్మే షాపులో చప్పుడు పీల్చుకునే రాక్‌వూల్ (రాతి ఉన్ని) పలకలు ఆరు, 48 డెన్సిటీ, రెండేసి అంగుళాలవి. రెండు కలిపి నాలుగు అంగుళాలు చేసి చెక్క ఫ్రేముల్లో బిగించి, చిక్‌పేట గుడ్డ చుట్టి, మూలల్లో నిలబెట్టా. ఎవరైనా చేసేట్టయితే ఫుల్ చేతుల చొక్కా, మాస్కు వేసుకోండి, నేను బనీనుతో చేసి రెండు రోజులు గోక్కుంటా కూర్చున్నా. కోడిగుడ్డు ట్రేలు అంటించుకుంటే చాలని ఎవడైనా చెబితే ఆ ట్రేల్లో గుడ్లు పెట్టుకోమనండి.

నిజం చెప్పాలంటే 51 హెర్ట్జ్‌కి ఈ నాలుగు అంగుళాలు పెద్దగా ఏం చెయ్యవు, ఆ అలలో పావు భాగమే మీటరున్నర పైన ఉంటుంది. గొంతు గణగణ మాత్రం పోయింది, చప్పట్లు కొడితే తెలుస్తుంది. బేసుకి మందు వేరే, డబ్బుల్లేని మందు, కుర్చీని ముందు గోడ నుంచి నాలుగు అడుగుల చిల్లరకి జరిపా. పొడవులో 38 శాతం దగ్గర కూర్చోమని స్టూడియోవాళ్ళు చెప్పే లెక్క. బేసు వచ్చింది. లేపిన 6 డెసిబెల్స్‌లో 5 దించేశా. ఐదేళ్ళుగా ఈ గదిలో ఎన్ని పాటల బేసు తప్పుగా పెట్టానో తల్చుకోదల్చుకోలేదు.

రోజు 10

ఇంకో దెయ్యం. బేసు నోటు చివర్లో సన్నగిల్లేటప్పుడు ఊగుతా ఉంది, వావ్ వావ్ వావ్ అని సెకనుకి రెండుసార్లు. ప్లగిన్ తప్పేమో అని మార్చా, ప్రాజెక్టు కొత్తగా తెరిచా, సగం రోజు పోయింది. హెడ్‌ఫోన్‌లో పెడితే లేదు! అంటే ఫైల్లో లేదు, స్పీకర్లలోనే ఉంది. పాట ఆపి చెవి దగ్గర పెడితే స్పీకర్లు సన్నగా బూ అంటున్నాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, నా బేసు 51.9, రెండూ కలిస్తే తేడా ఎంతో అన్నిసార్లు సెకనుకి ఊగుతుంది, అంటే దాదాపు రెండు. స్పీకర్లు ఒక బోర్డులో, ల్యాప్‌టాప్ ఇంకో బోర్డులో, మధ్యలో నేను పెట్టిన పాతకాలపు మోనో కేబుల్. అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టి, ఎస్పీ రోడ్డులో తెచ్చిన, బయటి బూని పట్టనివ్వని బ్యాలెన్స్‌డ్ కేబుల్ వేస్తే బూ చచ్చింది. 350 రూపాయల కేబుల్.

రోజు 15

ఖాళీ రెండు బీట్లలోకి పలక పెడదామని అనుకున్నా. పలకంటే డప్పే, మావైపు పలకంటాం. శాంపిల్ ప్యాక్‌లో ఉన్న దెబ్బలతో ఒక వరుస కట్టా, బాగానే అనిపించింది.

మా వీధి చివర అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్ తాత ఉన్నాడు, కుప్పం పక్క పల్లె, గంగమ్మ జాతరకి ఏటా సెలవు పెట్టి పోయి పలక కొట్టొస్తాడు. ఆయన్ని పిలిచి కాఫీ ఇచ్చి వినిపించా. విన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఎవురు పోయినారు నైనా?" అన్నాడు.

నాకర్థం కాలా. "చావుకు కొట్టే దెబ్బ గదా ఇది, శవం లేసినాక సందు మలుపు దాకా కొట్టేది" అన్నాడు. అమ్మాయి పాట ఊరు వదిలి బెంగళూరుకి రైలెక్కడం గురించి, నేను దాని వెనక శవయాత్ర నడిపిస్తున్నా. పదేళ్ళ క్రితమైతే "డార్క్‌గా ఉంది తాతా, అదే స్టైల్" అని వాదించేవాణ్ణి. "మరి ఊరు వదిలిపోయేదానికి ఏం కొడతారు తాతా" అని అడిగితే, "దానికెవురు కొడతారురా, పోతావుంటే సూస్తా నిలబడతారు అంతే" అన్నాడు. కాసేపాగి బల్ల మీద వేళ్ళతో మెల్లిగా ఒకటి కొట్టి చూపించాడు, జాతరలో అమ్మోరు గుడి దాటి పక్క వీధికి మళ్ళేటప్పుడు కొట్టేదంట. మూడు మూడుగానే ఉంది.

రోజు 17

మిద్దె మీద రికార్డింగ్. పలక లోపల కొడితే గది తట్టుకోదని పైన పెట్టా. దెబ్బ మొదట్లో వచ్చే పేలుడుకి కండెన్సర్ మైక్ నిండిపోతుందని దగ్గర్లో గట్టి దెబ్బ తట్టుకునే డైనమిక్ మైక్, నాలుగు అడుగుల దూరంలో కండెన్సర్, దాని ప్యాడ్ (సౌండు తగ్గించే స్విచ్) వేసి. రికార్డింగ్ సెట్టింగు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మీటర్‌లో పీక్ -12 డెసిబెల్స్ దాటకుండా.

తాత తోలు కాచాలన్నాడు. కాచకపోతే పలక మోగదు, బద్ అంటుంది. పాత కన్నడ పేపర్లు, రెండు కొబ్బరి మట్టలు వేసి మంట పెట్టాడు, తోలు తిప్పి తిప్పి కాచి, వేలితో తట్టి, ఖణ్ అనేదాకా. అప్పటికే పొగ కింది అంతస్తులోకి పోయింది. ఓనరాంటీ మెట్లెక్కొచ్చి మంటనీ, తాతనీ, మైకుల్నీ, నన్నూ చూసి "ఏం జరుగుతోంది ఇక్కడ, హోమమా?" అంది. ఆంటీ తెలుగావిడే, అదొక్కటే అదృష్టం. రికార్డింగ్ ఆంటీ అంటే, ఫైర్ ఇంజన్‌ని కూడా రికార్డు చేసుకో నాయనా అని దిగిపోయింది. ఐదు నిమిషాలకి వాన. ఐదు టేకులు వచ్చాయి, అందులో రెండింటిలో పక్కింటి రేకుల మీద చినుకులు.

రాత్రి ఎడిట్ చేస్తుంటే ఇంకో సంగతి బయటపడింది, మొదటి టేకుకీ ఐదో టేకుకీ పలక శ్రుతి జారిపోయింది, చల్లగాలికి తోలు వదులైపోయి. ఒక టేకులో దెబ్బ తీసి ఇంకో టేకులో అతికిస్తే రెండు వేరే పలకల్లాగా ఉన్నాయి. అంతా పారేశా.

రోజు 18

గదిలోనే. మంట బదులు మా ఆవిడ హెయిర్ డ్రైయర్. తాత దాన్ని చూసి పది నిమిషాలు నవ్వాడు, తర్వాత అది చేత్తో పట్టుకుని తోలు మీద తిప్పి తట్టి, "మంటంత కాదు గానీ పర్వాలేదు" అన్నాడు. రెండు టేకులకోసారి డ్రైయర్. మళ్ళీ రెండు టేకులు. మూలల్లో రాక్‌వూల్ ఉండబట్టి గది కూడా ఓర్చుకుంది. తాళానికి టిక్ టిక్‌మనే క్లిక్ ట్రాక్ చెవిలో పెడితే తీసి పక్కన పడేశాడు, "ఈ గడియారం ఎందుకు, ఆ పాప పాటే పెట్టు" అన్నాడు. పాట పెట్టా. లైను అయిపోయే మాట దాకా పుల్ల ఎత్తి పట్టుకుని, నీడ అనగానే వేశాడు. క్లిక్‌కి 20 మిల్లీసెకన్లు వెనక పడుతున్నాయి దెబ్బలు, అన్నీ ఒకే లెక్కన వెనక. కంప్యూటర్‌లో క్లిక్ గళ్ళకి లాగి సరిచేస్తే పాట చచ్చిపోయింది, అన్‌డూ కొట్టా.

రోజు 24

గొంతు. ఆదివారం పొద్దున్నే కుప్పం రైల్లో కేఆర్ పురం దిగి ఆటోలో వచ్చింది. మైకు నోటికి జానెడు దూరంలో కొంచెం పక్కకి తిప్పి, వెనక మా అవ్వ కుట్టిన బొంత వేలాడదీశా, రాక్‌వూల్‌కన్నా బొంతే బాగా పనిచేసింది గొంతుకి.

చిక్కు ఏంటంటే మైకు ముందు నిలబడగానే పిల్ల భాష మారిపోయింది. ఫోన్‌లో "వానొస్తాది" అని పంపింది, ఇక్కడ "వానొస్తుంది" అని పాడుతోంది, సినిమా గొంతు, ముక్కుతో. పదకొండు టేకులు అట్లానే. నాకు కోపం రాలేదు, ఎందుకంటే నేను ఐదేళ్ళు అదే చేశా, మదనపల్లె నోటితో న్యూయార్క్ గొంతు. ఆ వీడియోలు ఇప్పటికీ ఉన్నాయి, తీయించలేక చస్తా ఉన్నా, పాస్‌వర్డు మర్చిపోయా.

చెబితే ఇంకా బిగుసుకుంటుందని, మైకు స్టాండ్‌ని వంటింటి గుమ్మం వైపుకి తిప్పి, హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకోమన్నా. అక్కడ మా ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది. "పాపా, అక్కకి చెప్పినట్టు చెప్పు" అన్నా. ఇద్దరూ కుప్పంలో టమాటా రేటు దగ్గర మొదలుపెట్టి రైల్లో లేడీస్ బోగీ దాకా పోయారు, రికార్డు నడుస్తూనే ఉంది, నడుస్తోందని ఇద్దరికీ చెప్పే ఉంచా. మధ్యలో పాట మొదలుపెట్టా. "వానొస్తాదని సూసి సూసి" అని వచ్చింది, వెనక చిక్కుడుకాయ చిటుక్కుమన్న చప్పుడుతో సహా. పన్నెండో టేకు. అదే పాటలో ఉంది, చిటుక్కు కూడా.

రోజు 29

కాయితాలు. ఇది బోరే కానీ రాస్తా, ఎందుకంటే 2016లో ఒక కంపెనీ నా రెండు పాటలకి ఒకేసారి ఇంత అని ఇచ్చి అన్ని హక్కులూ రాయించుకుంది, నేను చదవకుండా సంతకం పెట్టి సెల్ఫీ దిగా. 2012లో కాపీరైట్ చట్టం మార్చినప్పటి నుంచీ పాట రాసినవాళ్ళకీ, కట్టినవాళ్ళకీ రాయల్టీలో వాటా ఉంటుందని, దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది. ఇప్పుడు నా దగ్గర పాట చేసే ఎవరికైనా మొదట ఒక పేజీ కాయితం, తెలుగులో. రాసింది ఆ పిల్ల, ట్యూన్ ఇద్దరిదీ, పలక తాతది, ఎవరికి ఎంత అని అంకెలతో. తాత వేలిముద్ర వేస్తానన్నాడు, తర్వాత పెన్ను తీసుకుని నిదానంగా సంతకమే పెట్టాడు. రాసినవాళ్ళకీ కట్టినవాళ్ళకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో పేరు నమోదు చేసుకోమని పిల్లకి లింకు పంపా, ఇంకా చేసుకోలేదు, వారానికోసారి గుర్తుచేస్తున్నా.

రోజు 36

మిక్స్ దాదాపు అయింది. కార్లో ఓకే. ఫోన్ స్పీకర్‌లో బేసు మాయం, అది మామూలే, ఆ చిన్న స్పీకర్‌లో 52 హెర్ట్జ్ ఎట్లా వస్తుంది, అందుకే కొంచెం శాచురేషన్ (సన్నటి గరగర) వేసి పైన హార్మోనిక్స్ (ఆ నోటుకి పై స్వరాలు) పుట్టించా, అసలు నోటు లేకపోయినా చెవి ఉందనుకుంటుంది. లౌడ్‌నెస్, అంటే పాట మొత్తం మీద సగటు సౌండు, -14 దగ్గరికి తెచ్చా (సున్నాకి దగ్గరయ్యేకొద్దీ గట్టి), పీక్ -1 దాటనివ్వలా. అమ్మాయి "ఇంకా సౌండు పెంచన్నా" అంది. అందరూ అదే అంటారు. స్ట్రీమింగ్ వాళ్ళు తిరిగి తగ్గించేస్తారు పాపా అంటే నమ్మలేదు, -9 చేసి, రెండూ ఒకే వాల్యూమ్‌లో వినిపించా. పలక నలిగిపోయి చప్పగా ఉంది. "మొదటిదే పెట్టన్నా" అంది.

రోజు 41

సాయంత్రం తాతకి వినిపించడానికి పోయా. ఆయన ఫోన్‌లో మెమరీ కార్డు, అందులోకి ఎక్కించి ఇచ్చా. వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఒకసారి పూర్తిగా విన్నాడు. గేటు తీయడానికి లేచి, వచ్చి, మళ్ళీ విన్నాడు. మూడోసారి మధ్యలో ఆపి, "రెండో సరణంలో, సెరువు ఎండిపోయిందన్నాక, ఆ మూడో దెబ్బ నాది కాదు నైనా" అన్నాడు.

నీదే తాతా, నువ్వు కొట్టిందే అన్నా. "కొట్టింది నేనే. ఆడ కొట్టలా" అన్నాడు.

ఇంటికొచ్చి ప్రాజెక్టు తెరిచా. రెండో చరణం, ఏడో బార్. అక్కడ పుల్ల జారి దెబ్బ సన్నగా పడిందని, మొదటి చరణంలోది కాపీ చేసి అతికించా, రోజు 19న, రాత్రి రెండింటికి. అతుకు నాకే కనపడనంత బాగా చేశా. దాన్ని తీసేసి ఆయన సన్నటి దెబ్బ వెనక్కి పెట్టి విన్నా. చెరువు ఎండిపోయిందన్నాక సన్నగానే పడాలి. జారలేదు ముసలాయనకి.

ఆయనకి ఫోన్ చేసి చెప్పా, సరిచేశా తాతా అని. "ఉండు, ఆఖర్లో కూడా ఒకటుంది, రేపు డ్యూటీ దిగి తొమ్మిదికి వస్తా" అన్నాడు. అప్‌లోడ్ రేపు మధ్యాహ్నానికి పెట్టుకున్నా. డ్రైయర్ తీసి టేబుల్ మీద పెట్టా.